ముగ్గురి బ్యాండ్‌లో బేస్ గిటార్‌కి హై గెయిన్ డిస్టార్షన్ పెడల్: ఏది తీసుకోమంటారు?

గౌతమి_నాలుగుతీగలు (అంబాజీపేట)

అందరికీ నమస్కారమండి. మాది ముగ్గురి బ్యాండ్. ఒక గిటార్, ఒక డ్రమ్స్, నేను బేస్. మా మావయ్యగారి కొబ్బరి కొట్టు ఖాళీగా ఉంటే ఆయన్ని అడిగి అందులో సాధన చేసుకుంటున్నాం. సొంతంగా కట్టుకున్న పాటలు ఐదున్నాయి, అన్నీ హెవీ మెటల్ బాణీలే. సంక్రాంతికి ఊళ్ళో పెట్టే ప్రోగ్రాంలో మాకు అరగంట ఇస్తామన్నారు.

మా ఇబ్బంది ఏంటంటే, గిటార్ అబ్బాయి సోలో ఎత్తుకున్నాడంటే చాలు, పాట ఒక్కసారిగా పలచబడిపోతోంది. రెండో గిటార్ లేదు కాబట్టి ఆ చోటు నేనే నింపాలి. అందుకని బేస్‌కి గట్టి డిస్టార్షన్ పెడల్ (శబ్దాన్ని గరగరలాడించే, కాలితో తొక్కే చిన్న డబ్బా) కొందామనుకుంటున్నాను. చేతిలో 8 వేలున్నాయి. సెకండ్ హ్యాండ్ అయినా ఫర్వాలేదు.

మొన్న గిటార్ అబ్బాయి దగ్గరున్న బాస్ కంపెనీ మెటల్ జోన్ పెడల్ తీసుకుని నా బేస్‌కి తగిలించి చూశాను. ఒక్కణ్ణే కూర్చుని వాయిస్తే ఒళ్ళు జలదరించింది. డ్రమ్స్ మొదలయ్యాక నా బేస్ ఎక్కడుందో నాకే వినపడలేదు. పోనీ వాయించడం ఆపితే గుయ్యిమని ఒకటే మోత.

నాది నాలుగు తీగల పాసివ్ బేస్ (లోపల బ్యాటరీ ఉండదు), 40 వాట్ల బేస్ ఆంప్. స్టేజీ మీద ఆంప్ పెట్టనివ్వరు, సౌండ్ వాళ్ళ మిక్సర్‌లోకి నేరుగా ఇచ్చేయాలి. ఏ పెడల్ తీసుకోమంటారు?

భీమవరం_డ్రాప్‌డి

మెటల్ జోన్‌ని అందరూ చెడ్డగా చెప్తారు బ్రో, నువ్వు ఆ మాటలు పట్టించుకోకు. 1991లో వచ్చిన పెడల్ అది, ఇప్పటికీ కొత్తది దొరుకుతోంది. బాగోకపోతే ఇన్నేళ్ళు ఎవరు కొంటారు?

దాని గుట్టంతా మిడిల్ దగ్గరే, అంటే మధ్య స్వరాల (మిడ్స్) దగ్గరే ఉంది. ఒకే చోట రెండు నాబ్‌లు ఉంటాయి చూడు. ఒకటి మిడ్స్ ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో, రెండోది ఆ పని ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర జరగాలో. 200 హెర్ట్జ్ నుంచి 5 వేల హెర్ట్జ్ దాకా తిప్పుకోవచ్చు. నేను మొదటి ఏడాదంతా మిడ్స్ పూర్తిగా తీసేసి లో, హై రెండూ పెంచి వాయించాను. హాస్టల్ గదిలో అద్భుతంగా ఉండేది. కాలేజీ ఫెస్ట్‌లో స్టేజీ ఎక్కాక నా ఫ్రెండ్స్ వచ్చి 'గిటార్ వినపడలేదేంట్రా' అన్నారు. అప్పటి నుంచి మిడ్స్ సగం పైనే, డిస్ట్ నాబ్ గడియారం ముల్లులా చూస్తే 10 గంటల దగ్గరే. నువ్వు బేస్ కాబట్టి నిన్ను అదే కొనమని మాత్రం చెప్పను.

యానాం_మఫ్

బిగ్ మఫ్ తీసుకోండి, ఇంక వేరే ఆలోచన వద్దు. ఎలక్ట్రో హార్మోనిక్స్ వాళ్ళు 1969 నుంచి చేస్తున్నారు. బేస్ కోసమే వేరేగా బేస్ బిగ్ మఫ్ ఉంది. అందులో డ్రై స్విచ్ వేస్తే మీ అసలు శబ్దం కూడా కలిసి వస్తుంది. గోడ కట్టినట్టు ఉంటుంది.

పాలకొల్లు_టంకం

నేను ఆంప్‌లు, పెడళ్ళు రిపేరు చేస్తుంటానండి. పెడల్ పేరు చెప్పేముందు మీ మెటల్ జోన్ దగ్గర ఏం జరిగిందో చెప్తాను. అది అర్థమైతే ఏ పెడల్ ముందు కూర్చున్నా మీరే తేల్చుకోగలరు.

బేస్ నాలుగో తీగ వదిలేసి మీటితే దాని మూల స్వరం 41 హెర్ట్జ్. గిటార్ ఆరో తీగ 82. గిటార్ కోసం కట్టిన డిస్టార్షన్ సర్క్యూట్లలో చాలావరకు క్లిప్పింగ్‌కి (సిగ్నల్ తల నరకడానికి) ముందే కింది స్వరాలని కోసేస్తారు. కోయకపోతే గిటార్ బురదబురదగా వినిపిస్తుంది. ఐబనేజ్ ట్యూబ్ స్క్రీమర్ చూడండి, 720 హెర్ట్జ్ నుంచి కిందికి వెళ్ళేకొద్దీ గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో అది) తగ్గిపోతూ ఉంటుంది. ఒక చిన్న కెపాసిటర్, ఒక రెసిస్టర్ చేసే పని అది. గిటార్‌కి అది మేలే. మీ బేస్‌కి మాత్రం కోసేసిన ఆ ముక్కలోనే ప్రాణముంది.

ఇక క్లిప్పింగ్. పెడల్ లోపల ఓపాంప్ అనే చిప్ సిగ్నల్‌ని పెంచుతుంది, డయోడ్లు దాని తల నరుకుతాయి. సిలికాన్ డయోడ్ అయితే సుమారు 0.6 వోల్టు దగ్గర, ఎల్ఈడీ అయితే అంతకు రెండు మూడు రెట్ల ఎత్తులో. తల తెగిన చోట కొత్త హార్మోనిక్స్ పుడతాయి, మనం ఇష్టపడే గరగర అదే. కాకపోతే మీరు గట్టిగా మీటినా మెల్లగా మీటినా ఇక ఒకటే ఎత్తు. కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) పడినప్పుడు దాంతోపాటు మీ వేలి దెబ్బ వినపడాలి కదా, ఆ దెబ్బ కాస్తా పోతుంది. గెయిన్ పెంచితే శబ్దం పెద్దదవుతుందని అనుకుంటాం. ఒక హద్దు దాటాక అది చపాతీలా చదునైపోతుంది.

మోత కూడా అందుకే. 40 డెసిబెల్స్ గెయిన్ అంటే వోల్టేజీ 100 రెట్లు. హై గెయిన్ పెడళ్ళు అంతకన్నా ఎక్కువే పెంచుతాయి. మీ పికప్ పట్టుకున్న కరెంటు మోత కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. పెడల్‌కి మీ స్వరం ఏదో, ట్యూబ్‌లైట్ చోక్ మోత ఏదో తెలియదు.

అందుకని బేస్‌కి వెతకాల్సింది బ్లెండ్ నాబ్. అసలు సిగ్నల్‌ని ఒక దారిలో అలాగే పంపి, డిస్టార్షన్‌ని ఇంకో దారిలో తయారుచేసి, చివర్లో రెండూ కలిపే ఏర్పాటు అది. కింది బరువు, వేలి దెబ్బ మొదటి దారిలో క్షేమంగా వస్తాయి. రెండో దారిలో ఎంత అల్లరి చేసినా ఫర్వాలేదు.

తణుకు_లోస్వరం

టంకం గారు చెప్పింది అక్షరాలా నిజం. తమ్ముడూ, నేను చర్చిలో పదేళ్ళ నుంచి బేస్ వాయిస్తున్నాను, ఇంట్లో మాత్రం మెటలే. నా చేతుల మీదుగా పోయిన పెడళ్ళ గురించి చెప్తాను.

బాస్ ఓడీబీ-3 పసుపు రంగుది. దాంట్లో బాలెన్స్ నాబ్ ఉంది, అదే బ్లెండ్. చాలామంది దాన్ని తిట్టేది ఒకే కారణానికి: హై నాబ్ మధ్యలో పెడితేనే చెవి కోసేస్తుంది. దాన్ని 8, 9 గంటల దాకా దించేస్తే బాగా లొంగుతుంది. సెకండ్ హ్యాండ్‌లో నీ డబ్బులకి వచ్చే అవకాశం ఉంది.

టెక్ 21 సాన్స్ఆంప్ బేస్ డ్రైవర్ నా దగ్గరుంది. బ్లెండ్ ఉంది, మిక్సర్‌కి నేరుగా ఇచ్చుకునే ఎక్స్ఎల్ఆర్ అవుట్ ఉంది, స్పీకర్ బాక్స్ శబ్దాన్ని అదే అనుకరిస్తుంది. స్టేజీ మీద నేరుగా ఇచ్చేవాళ్ళకి దీన్ని మించింది నేను చూడలేదు. మరీ హై గెయిన్ కాదు, నీ ధరకి అందదు కూడా. ఫిన్లాండ్ వాళ్ళ డార్క్‌గ్లాస్ బీ3కే ఇప్పటి మెటల్ బేస్ శబ్దానికి పెట్టింది పేరు. అది ఇంకా ఖరీదు.

యానాం_మఫ్ గారితో ఒక్క విషయంలో ఏకీభవించలేను. బిగ్ మఫ్ సహజంగానే మిడ్స్‌ని తవ్వేస్తుంది. ఈ తమ్ముడు సోలో వెనక చోటు నింపాలంటున్నాడు. ఆ చోటు ఉండేదే మిడ్స్‌లో.

యానాం_మఫ్

అక్కా, డ్రై కలిపితే ఆ మిడ్స్ తిరిగి వస్తాయి. ముగ్గురి బ్యాండ్‌లోనే నేనూ వాయించాను. పాట నెమ్మదిగా, బరువుగా ఉంటే మఫ్‌ని కొట్టేది లేదు. వీళ్ళ పాటలు ఎంత వేగమో మనకి తెలీదు కదా.

గౌతమి_నాలుగుతీగలు (అంబాజీపేట)

నాలుగు పాటలు బాగా వేగమండి, ఒకటి మాత్రం నెమ్మది.

యానాం_మఫ్

అయితే మఫ్ మీద నేను పట్టుబట్టను. వేగంగా మీటేటప్పుడు ఒక స్వరం తోక ఇంకో స్వరం మీద పడిపోతుంది, అది నాకూ అనుభవమే.

అంబాజీపేట_సోలో

ఆ గిటార్ అబ్బాయిని నేనేనండి. వాడు ఈ చర్చ చూపించాడు, మొత్తం చదివాను. నాకూ ఒక సందేహం ఉంది. నాకు స్వీడన్ డెత్ మెటల్ గిటార్ శబ్దమంటే ప్రాణం. ఎంటూంబ్డ్, డిస్మెంబర్ లాంటి స్టాక్‌హోమ్ బ్యాండ్‌లు బాస్ హెచ్ఎం-2 పెడల్ మీద నాబ్‌లన్నీ చివరి దాకా తిప్పేసి వాయించారని చదివాను. నా మెటల్ జోన్ అమ్మేసి దాన్ని వెతుక్కోనా? వాడు కూడా డిస్టార్షన్ పెడితే మా ఇద్దరిదీ కలిసిపోతుందేమోనని భయంగా ఉంది.

పాలకొల్లు_టంకం

మీ భయం సబబే. ఇద్దరూ నిండా గెయిన్ పెట్టుకుంటే ఎవరు ఏ స్వరం వాయిస్తున్నారో దేవుడికే తెలియాలి.

హెచ్ఎం-2 పాతది 1983 నుంచి 1991 దాకా వచ్చింది. తర్వాత వాజా క్రాఫ్ట్ పేరుతో బాస్ వాళ్ళే మళ్ళీ తెచ్చారు. బెరింజర్ హెచ్ఎం300 దాని నకలే, ప్లాస్టిక్ డబ్బా, చవక. ఆ శబ్దం మీద అంత ప్రేమ ఉంటే ముందు చవకది కొని చూడండి. సర్క్యూట్ దగ్గరగానే ఉంటుంది. డబ్బా మీద మాత్రం బూటు కాలితో బలంగా తొక్కకండి. మెటల్ జోన్ అమ్మకండి.

ఒక చిన్న లెక్క కూడా చూడండి. హై గెయిన్‌లో రెండు స్వరాలు కలిపి మీటితే, ఆ రెండింటి తేడా కూడా ఒక స్వరంగా పుట్టుకొస్తుంది. ఆరో తీగ E స్వరం 82.4 హెర్ట్జ్, పైన B స్వరం 123.5. తేడా 41.1. అది కింది స్థాయి E స్వరమే, అందుకే పవర్ కార్డ్ (ఇలా ఈ రెండు స్వరాలే కలిపి మీటేది) అంత నిండుగా మోగుతుంది. అదే E తో జీ షార్ప్ (G#) 103.8 మీటితే తేడా 21.4, అది దేనితోనూ కలవక గరగరలాడుతుంది. మేజర్ కార్డ్ మొత్తం మీటితే డిస్టార్షన్‌లో ఎందుకు చెడిపోతుందో ఇప్పుడు తెలిసింది కదా. ఇప్పుడు మీ పవర్ కార్డ్ కింద ఆ 41 హెర్ట్జ్ దగ్గరే మీ ఫ్రెండ్ బేస్ ఉంది. మీ పెడల్ మీద లో నాబ్ పెంచారంటే మీరు అతని ఇంట్లోకి వెళ్ళి కూర్చున్నట్టే. మీరు లో దించండి. గదిలో ఒక్కరే వాయిస్తే మీ గిటార్ సన్నగా, దిగులుగా అనిపిస్తుంది. ముగ్గురూ కలిసినప్పుడు మాత్రమే విని నిర్ణయించుకోండి.

వశిష్ఠ_తీరం (నరసాపురం)

బాబూ, మీ అందరి మాటలూ చదువుతుంటే ముచ్చటేస్తోంది. నేను నలభై ఏళ్ళ కిందట ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాణ్ణి. అప్పట్లో మా వైపు పెడల్ అనే మాటే వినలేదు. టేప్ రికార్డర్ మైక్ సాకెట్‌లోకి గిటార్ కేబుల్ పెట్టి, రికార్డింగ్ నొక్కి పాజ్‌లో ఉంచి, దాని హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ఆంప్‌లోకి తీసుకునేవాళ్ళం. మైక్ కోసం కట్టిన ఇన్‌పుట్ గిటార్ దెబ్బకి తట్టుకోలేక చీలిపోయేది. ఆ చీలిన శబ్దం కోసం ఆ పాట వచ్చేదాకా మా కుర్రాళ్ళు ఎదురుచూసేవారు. టంకం గారు తల నరకడం అన్నది అదే.

అప్పుడు నేర్చుకున్నది ఒకటుంది. గిటార్ మీద ఉన్న వాల్యూమ్ నాబ్ కూడా ఒక పెడలే. దాన్ని 10 మీద నుంచి 6కి దించితే పెడల్ గెయిన్ ముట్టుకోకుండానే శబ్దం తేటపడుతుంది. పాట మధ్యలో చిటికెన వేలితో దాన్ని దించడం, సోలో రాగానే పెంచడం సాధన చేయండి. మీ నెమ్మది పాటకి పనికొస్తుంది.

రావులపాలెం_రాట్

ఎవరూ ప్రోకో రాట్ మాట ఎత్తలేదేంటండి! మూడే నాబ్‌లు: డిస్టార్షన్, ఫిల్టర్, వాల్యూమ్. ఫిల్టర్ కుడివైపు తిప్పేకొద్దీ ట్రెబుల్ తగ్గుతుంది, మామూలు టోన్ నాబ్‌కి రివర్స్. అది తెలియక చాలామంది 'ఇది మూసుకుపోయిన పెడల్' అని అమ్మేస్తుంటారు. మిడ్స్ నిండుగా ఉంటాయి. బ్లెండ్ లేదు, ఒప్పుకుంటాను. కానీ బేస్ మీద రాట్ కింది స్వరాలని మిగతా గిటార్ పెడళ్ళంత దారుణంగా కోయదు. నా సెట్టింగ్: డిస్టార్షన్ 10 గంటలు, ఫిల్టర్ 1 గంట.

తణుకు_లోస్వరం

రాట్ నా దగ్గర కూడా ఉంది. తమ్ముడూ, ఒక పని చేద్దాం. ఆదివారం మధ్యాహ్నం నుంచి ఖాళీగానే ఉంటాను. నీ బేస్, నీ ఆంప్ పట్టుకుని మా ఇంటికి వచ్చేయి. నా దగ్గర ఓడీబీ-3, రాట్, సాన్స్ఆంప్ ఉన్నాయి, మూడూ విను. విన్నాకే కొనుక్కో. మీ గిటార్ అబ్బాయిని కూడా తీసుకురా, మా అమ్మ భోజనం పెడుతుంది.

మండపేట_సౌండ్

నేను స్టేజీ సౌండ్ చేస్తానండి. పెడల్ సంగతి మీరు మాట్లాడుకోండి, నేరుగా మిక్సర్‌లోకి ఇస్తాడన్నాడు కదా, దాని గురించి నేను చెప్పాలి.

గిటార్ స్పీకర్ 5 వేల హెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు. డిస్టార్షన్ పెడళ్ళు చాలావరకు ఆ స్పీకర్ ఉంటుందనే లెక్కతో కట్టినవి. మా టాప్ బాక్సుల్లో హార్న్ ఉంటుంది, అది 15 వేల పైదాకా పలుకుతుంది. పెడల్ నుంచి నేరుగా మాకిస్తే ఆ పైభాగమంతా జోరీగల గుంపులా జనం చెవుల్లో పడుతుంది. కుర్రాళ్ళు స్టేజీ మీద మానిటర్‌లో విని కంగారుపడి ట్రెబుల్ తగ్గించమంటారు. తగ్గిస్తే మొత్తం మూసుకుపోతుంది. దీనికి స్పీకర్ బాక్స్‌ని అనుకరించే పరికరం ఏదైనా మధ్యలో పెట్టాలి. అది లేకపోతే కనీసం మిక్సర్‌లో ఆ చానల్‌కి 5 వేల పైన కోసేయమని అడగండి. డిజిటల్ మిక్సర్ అయితే అరనిమిషం పని.

రెండోది చాలా ముఖ్యం. గుయ్యిమని మోత వస్తోందని కొందరు ప్లగ్గుకున్న లావు ఎర్త్ పిన్ను విరగ్గొట్టేస్తారు. మోత ఆగిపోతుంది కూడా. దయచేసి, చేతులెత్తి అడుగుతున్నాను, ఆ పని ఎవరూ చేయకండి. నా కళ్ళ ముందే ఒక పిల్లాడికి, చేతిలో గిటార్ తీగలు, పెదవి మైక్‌కి తగిలి, షాక్ కొట్టింది. జనరేటర్ మీద నడుస్తున్న స్టేజీ, కింద తడి నేల. అదృష్టం కొద్దీ వెనక్కి పడ్డాడు, బతికాడు. ఆ రోజు ఆంప్ ప్లగ్గుకి ఎర్త్ పిన్ను లేదు. మోత పోవాలంటే డీఐ బాక్స్ (వాయిద్యాన్ని మిక్సర్‌కి కలిపే చిన్న డబ్బా) మీద గ్రౌండ్ లిఫ్ట్ అని స్విచ్ ఉంటుంది, అది సిగ్నల్ తీగలో గ్రౌండ్‌ని మాత్రమే విడదీస్తుంది. కరెంటు ఎర్త్ జోలికి వెళ్ళకూడదు.

మీ కొబ్బరి కొట్టులో ఎర్త్ ఉందా? పాత కొట్లలో రెండు పిన్నుల సాకెట్లే ఎక్కువ. ముందు అది చూడండి.

గౌతమి_నాలుగుతీగలు (అంబాజీపేట)

చూశానండి. సాకెట్‌కి మూడు రంధ్రాలున్నాయి గానీ, విప్పి చూస్తే ఎర్త్ తీగే లేదు. మావయ్యగారికి చెప్తే కంగారుపడి మర్నాడే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించారు. కొట్టు వెనక గొయ్యి తీసి బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ దింపారు. మోత సగం పైగా తగ్గిపోయింది. మిగతాది ట్యూబ్‌లైట్ ఆపితే పోయింది. పెడల్ కొనకముందే ఇంత తేడా వస్తుందని అనుకోలేదు.

పాలకొల్లు_టంకం

మంచి పని చేశారు. వేసవిలో ఆ గోతిలో అప్పుడప్పుడు నీళ్ళు పోస్తుండండి, మట్టి ఎండితే ఎర్త్ పనిచేయదు.

మోత ఎక్కడిదో తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. పెడల్‌కి 9 వోల్టుల బ్యాటరీ వేసి వాయించండి. మోత పోతే అడాప్టర్‌ది. అలాగే ఉంటే బేస్ పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిరగండి. ఒక దిక్కున తగ్గి ఇంకో దిక్కున పెరిగితే పికప్ పట్టుకుంటున్నది. నాయిస్ గేట్ కొనమని ఎవరైనా చెప్తే ఈ రెండూ చేశాకే కొనండి. గేట్ మీరు ఆగినప్పుడు మోతని మూస్తుంది, మీరు వాయిస్తున్నప్పుడు అది లోపలే ఉంటుంది.

అడాప్టర్ విషయంలో జాగ్రత్త. ఇప్పుడొచ్చే బాస్ పెడళ్ళకి 9 వోల్టులు, మధ్య పిన్ను మైనస్. ఇంట్లో ఉన్న కీబోర్డు అడాప్టర్ సరిగ్గా పట్టిందని పెట్టేస్తుంటారు. కొన్ని 12 వోల్టులు, మధ్య పిన్ను ప్లస్. అలా వచ్చిన పెడళ్ళు నా బల్ల మీద ఎప్పుడూ ఒకటో రెండో ఉంటాయి.

భీమవరం_డ్రాప్‌డి

ఒక మాట బ్రో. జూమ్ బీ1 ఫోర్ లాంటి మల్టీ ఎఫెక్ట్ కూడా చూడు. అందులో పెడళ్ళు, ఆంప్‌లు, స్పీకర్ బాక్సులు అన్నీ ఉంటాయి, స్టేజీ మీద నేరుగా ఇచ్చుకోవచ్చు. నాలుగు పెన్సిల్ బ్యాటరీల మీద నడుస్తుంది కాబట్టి అడాప్టర్ మోత అసలుండదు. మా ఊరి చుట్టూ రొయ్యల చెరువులే, రాత్రయితే ఏరేటర్ మోటార్లన్నీ ఒకేసారి తిరుగుతాయి. ఆ టైములో మా గదిలో అడాప్టర్ మీద పెడల్ పెట్టలేం, బ్యాటరీయే గతి.

గౌతమి_నాలుగుతీగలు (అంబాజీపేట)

ఆదివారం అక్కావాళ్ళింటికి వెళ్ళొచ్చాం. రావులపాలెంలో బస్సు మారి, సిద్ధాంతం వంతెన మీద గోదావరి దాటి, ఒళ్ళో ఆంప్ పెట్టుకుని తణుకులో దిగాం. అక్కా, అమ్మగారి చేపల పులుసుకి మళ్ళీ మళ్ళీ థాంక్స్.

అక్క ముందుగా మా డ్రమ్స్ రికార్డింగ్‌ని స్పీకర్‌లో పెద్దగా పెట్టించారు. గిటార్‌తో సహా ముగ్గురం వాయిస్తున్నట్టే ఉండాలని. తర్వాత ఫోను పక్క గదిలో పెట్టి రికార్డు చేసి, ఏ పెడల్ ఏదో చెప్పకుండా వినిపించారు.

వాయిస్తున్నప్పుడు నాకు రాట్ ఎక్కువ నచ్చింది. వేలికి అంటుకున్నట్టు, కసిగా ఉంది. పక్క గదిలో రికార్డు అయినదాంట్లో మాత్రం సోలో వచ్చేసరికి కింద బరువు తగ్గింది. ఓడీబీ-3 వాయిస్తుంటే నాకంత మజా రాలేదు. రికార్డింగ్‌లో సోలో వెనక గోడ నిలబడి ఉంది, నా వేలి దెబ్బ ఒక్కొక్కటీ కిక్‌తో పాటు పడుతోంది. మా గిటార్ అబ్బాయి కళ్ళు మూసుకుని విని 'రెండోది' అన్నాడు. అది ఓడీబీ-3. సాన్స్ఆంప్ మూడింటిలోకీ తేటగా ఉంది, అది ఎప్పటికైనా కొంటాను.

అక్క పెడల్ నాబ్‌ల మీద గోళ్ళ రంగుతో చిన్న చుక్కలు పెట్టుకున్నారు. చీకటి స్టేజీ మీద కూడా కనపడతాయట. ఆ చుక్కలన్నీ ఫొటో తీసుకొచ్చాను. బాలెన్స్ 12 గంటలకి ఒక గీత దాటి, గెయిన్ 11, లో 1, హై 8.

రాజమండ్రిలో ఒకాయన ఓడీబీ-3 అమ్ముతున్నారని అక్కే చూసి పెట్టారు. నా బడ్జెట్‌లోనే. కొనేముందు ఏం చూడాలి?

పాలకొల్లు_టంకం

బ్యాటరీ మూత తీసి లోపల చూడండి. కాంటాక్టుల మీద పచ్చగా పట్టి ఉంటే బ్యాటరీ కారిందన్నమాట. బోర్డు దాకా వెళ్ళకపోతే భయం లేదు. నాబ్‌లు ఒక్కొక్కటీ చివరి దాకా తిప్పండి, పరపరమంటే దుమ్మో తేమో. కాంటాక్ట్ క్లీనర్ కొడితే చాలావరకు పోతుంది. ఇరవైసార్లు తొక్కి చూడండి, ఒక్కసారైనా ఆన్ అవకుండా పోతే ధర తగ్గించమని అడగండి. జాక్‌లో కేబుల్ పెట్టి అటూ ఇటూ కదపండి, శబ్దం తెగకూడదు.

వాడనప్పుడు ఇన్‌పుట్ కేబుల్ లాగేయండి. అది ఉన్నంతసేపు పెడల్ ఆపినా బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది.

వశిష్ఠ_తీరం (నరసాపురం)

మనది సముద్రపు గాలి బాబూ. తీగలు నెల తిరక్కుండా తుప్పుపట్టే చోట పెడల్‌ని అలా బయట వదిలేయకు. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో, మందుల సీసాల్లోనూ కొత్త బూట్ల డబ్బాల్లోనూ వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి ఉంచు. కొబ్బరి కొట్టులో మరీ తేమ, రాత్రికి ఇంటికి పట్టుకుపో.

గౌతమి_నాలుగుతీగలు (అంబాజీపేట)

తీసుకున్నానండి! జాక్ ఒకటి కాస్త వదులుగా ఉందని చెప్తే ఆయనే నట్టు బిగించి, 300 తగ్గించారు. నిన్న కొట్టులో ముగ్గురం మూడు గంటలు వాయించాం. గిటార్ అబ్బాయి లో దించి, డిస్ట్ సగానికి తగ్గించాడు. మొదట మొహం మాడ్చుకున్నాడు, రెండో పాట అయ్యేసరికి 'నా పిక్ శబ్దం నాకు ఇప్పుడే వినపడుతోంది' అన్నాడు. మావయ్యగారు బయట అరుగు మీద కూర్చుని విని, మొదటిసారి మూడు వాయిద్యాలూ విడివిడిగా తెలుస్తున్నాయన్నారు.

మిగిలింది స్టేజీయే. మండపేట అన్నా, మా ఊరికి వచ్చే సౌండ్ వాళ్ళకి నేను ఏమని చెప్పాలి?

మండపేట_సౌండ్

డీఐ బాక్స్ కావాలని వారం ముందే ఫోన్ చేసి చెప్పు తమ్ముడూ, అప్పటికప్పుడు అడిగితే దొరకదు. పెడల్ అవుట్ డీఐలోకి, డీఐ నుంచి మిక్సర్‌లోకి. చానల్‌కి 5 వేల పైన కోయమను, మానిటర్‌లో కిక్, నీ బేస్ రెండూ అడుగు. పెడల్ ఆన్ చేసినప్పుడు, ఆఫ్ చేసినప్పుడు వాల్యూమ్ ఒకేలా ఉండేట్టు లెవెల్ నాబ్ కొట్టులోనే సరిచేసుకుని, దానికీ ఒక చుక్క పెట్టుకో. సౌండ్ చెక్ నాలుగింటికి అని చెప్తే మూడున్నరకే వెళ్ళు, ఆ టైముకి జనరేటర్ వేయమని కూడా అడుగు. కరెంటు మీద చెక్ చేసుకుని రాత్రి జనరేటర్ మీద వాయిస్తే మోత మళ్ళీ వేరేగా ఉంటుంది.